ఇంటర్‌లో కష్టమైన సబ్జెక్టులు తీసుకోవాలా? తిరుపతి, చిత్తూరు విద్యార్థులు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి జూన్‌లో తరగతులు మొదలయ్యే దాకా తిరుపతిలో మా ఇంటి ఫోను మోగుతూనే ఉంటుంది. శ్రీకాళహస్తి నుంచి, పుత్తూరు నుంచి, పలమనేరు నుంచి, కుప్పం నుంచి చేసేవారందరూ ఇంచుమించు ఒకే రకమైన సందేహాలు అడుగుతారు. జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని కాబట్టి ఆ సందేహాలకు ఇచ్చే జవాబులను ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ప్రతి జవాబూ విడిగా చదువుకునేలా ఉంటుంది కనుక మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## పదో తరగతి పూర్తికాక ముందు

మా అబ్బాయి ఇంకా పదో తరగతిలోనే ఉన్నాడు. గ్రూపు గురించి ఇప్పటి నుంచే ఆలోచించాలా?

ఆలోచించాలి. అయితే ఆలోచించవలసింది గ్రూపు పేరు గురించి కాదు, ఇంటర్ తర్వాత చదవదలచిన కోర్సు గురించి. పిల్లవాడికి ఆసక్తి ఉన్న మూడు నాలుగు కోర్సులను కాగితం మీద రాసుకొని, వాటిలో ఒక్కొక్కదానికి నిరుటి ప్రవేశ ప్రకటనలో ఏయే సబ్జెక్టులు తప్పనిసరి అన్నారో, ఎంత శాతం మార్కులు కావాలన్నారో, ఏ ప్రవేశ పరీక్ష రాయాలన్నారో పక్కన రాయండి. ఆ కాగితంలో ఏ సబ్జెక్టు ఎక్కువసార్లు కనబడుతుందో గమనిస్తే గ్రూపు దానంతట అదే తేలుతుంది. మన దగ్గర చాలామంది దీనికి వ్యతిరేక దిశలో నడుస్తారు. ముందు కాలేజీ, తర్వాత గ్రూపు, రెండేళ్లు గడిచాక కోర్సు.

పదో తరగతి లెక్కల్లో 95 మార్కులు వచ్చాయి. ఎంపీసీకి (గణితం, భౌతికం, రసాయనం) సరిపోతాడని అనుకోవచ్చా?

ఆ మార్కులు క్రమశిక్షణకు గుర్తే గాని ఇంటర్ గణితానికి పూచీ కావు. పదో తరగతిలో లెక్కల నమూనాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పాత ప్రశ్నపత్రాలు పది సార్లు చేసినవారికి మంచి మార్కులు రావడంలో వింత లేదు. ఇంటర్‌లో ప్రమేయాలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, అవధులు, అవకలనాలు, సమాకలనాలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. జూలైలో త్రికోణమితి సూత్రాలు మనసుకు ఎక్కకపోతే డిసెంబరులో అవకలనాలు చేసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది.

నేను తల్లిదండ్రులకు చెప్పే పరీక్ష చిన్నది. వేసవి సెలవుల్లో పిల్లవాడికి తెలియని ఒక లెక్కను, సాధన చూపని లెక్కను ఇచ్చి పక్కన కూర్చోండి. జవాబు వచ్చిందా రాలేదా అన్నది ముఖ్యం కాదు. అరగంట సేపు దాన్ని వదలకుండా, రెండు మూడు దారుల్లో ప్రయత్నించాడా, లేక మూడో నిమిషంలోనే పుస్తకం వెనక జవాబు కోసం తిప్పాడా అన్నది చూడండి. 78 మార్కులు వచ్చిన పిల్లలు ఈ అరగంటలో 95 వచ్చినవారిని మించిపోవడం నేను తరచుగా చూశాను.

ఇంటర్ బదులు ట్రిపుల్ ఐటీలో గానీ పాలిటెక్నిక్‌లో గానీ చేరితే కష్టం తగ్గుతుందా?

కష్టం తగ్గదు, దాని స్వరూపం మారుతుంది. ఇడుపులపాయ వంటి ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలను నడిపే విశ్వవిద్యాలయం) ప్రాంగణాల్లో ఉండేది ఆరేళ్ల సమీకృత కోర్సు. పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు, మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానం, తర్వాతి నాలుగేళ్లు బీటెక్. ఇంజనీరింగే చదవాలని నిశ్చయించుకున్న గ్రామీణ విద్యార్థికి ఇది చాలా మంచి దారి, కాని మధ్యలో మనసు మారితే ఇబ్బంది. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. చేతిపని, యంత్రం, వర్క్‌షాపు అంటే ఇష్టపడే పిల్లలను అంచనా వేయడంలో మనం తరచూ పొరబడతాం. వారికి ఇంటర్ కంటే డిప్లొమాయే నప్పుతుంది.

## గ్రూపు ఎంచుకునేటప్పుడు

కష్టమైన గ్రూపు చదివితే విశ్వవిద్యాలయాలు ప్రత్యేకంగా గుర్తిస్తాయా?

గుర్తించవు. ఈ విషయంలో అపోహ ఎక్కువగా ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు విద్యార్థి ఎంత కఠినమైన పాఠ్యాంశాలు ఎంచుకున్నాడో చూసి దానికి కొంత విలువ ఇస్తాయి. మన దేశంలో ప్రవేశాలు చాలావరకు ర్యాంకుల మీద, అర్హత సబ్జెక్టుల మీద నడుస్తాయి. ఎంపీసీలో 700 మార్కులు తెచ్చుకున్నవాడిని సీఈసీలో (కామర్స్, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) 900 తెచ్చుకున్నవాడి కంటే ముందు నిలబెట్టే నియమం ఎక్కడా లేదు. కాబట్టి కష్టాన్ని కష్టం కోసమే నెత్తికెత్తుకోవడం అనవసరం.

అలాగని తేలికైనదే తీసుకోవాలని కూడా కాదు. కోరుకున్న కోర్సుకు తప్పనిసరి అయిన సబ్జెక్టు ఎంత కఠినమైనా తీసుకోవలసిందే, ఎందుకంటే అది లేకపోతే దరఖాస్తే పెట్టలేరు. తప్పనిసరి కాకపోయినా పిల్లవాడు ఇష్టపడే కఠినమైన సబ్జెక్టు ఉంటే అదీ తీసుకోవచ్చు, ఇష్టం శ్రమను మోస్తుంది. మూడో రకం ఒకటుంది. తప్పనిసరీ కాదు, ఇష్టమూ లేదు, అయినా పక్కింటివాళ్లు చదువుతున్నారని తీసుకోవడం. నలుగురితో నారాయణా అనుకునే ఈ మూడో రకం నుంచే రెండో సంవత్సరంలో నా దగ్గరికి ఎక్కువ ఫోన్లు వస్తాయి.

ఎంపీసీ తీసుకుంటే ఏ కోర్సుకైనా పోవచ్చంటారు. నిజమేనా?

చాలావరకు నిజం, పూర్తిగా కాదు. ఎంపీసీ చదివినవారు బీటెక్, బీఆర్క్, గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం వంటి డిగ్రీలతో పాటు లా, సీఏ, బీకాం, బీఏ వైపు కూడా వెళ్లగలరు. బీఫార్మసీలో ఎంపీసీ, బైపీసీ (జీవశాస్త్రం, భౌతికం, రసాయనం) రెండు గ్రూపులవారికీ అవకాశం ఉంది. ఎంబీబీఎస్, ఆయుర్వేదం, పశువైద్యం మాత్రం జీవశాస్త్రం లేనిదే సాధ్యం కావు. మన రాష్ట్రంలో బీఎస్సీ అగ్రికల్చర్ కూడా బైపీసీ వారిదే. వ్యవసాయం మీద మక్కువ ఉన్న ఎంపీసీ విద్యార్థికి ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బాపట్ల, మడకశిరలలో నడిపే అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ బీటెక్ ఉంది.

వయసు పెరిగాక గణితాన్ని కొత్తగా మొదలుపెట్టి నేర్చుకోవడం చాలామందికి సాధ్యం కాదు, చరిత్రనూ అర్థశాస్త్రాన్నీ మాత్రం ఇరవై ఏళ్ల వయసులో కూడా అందుకోవచ్చు. అందుకే ఏ కోర్సో తేల్చుకోలేని, లెక్కలంటే విముఖత లేని పిల్లలకు ఎంపీసీ గానీ ఎంఈసీ (గణితం, అర్థశాస్త్రం, కామర్స్) గానీ తీసుకోమంటాను.

బైపీసీ అంటే డాక్టరు చదువు ఒక్కటేనా? నీట్‌లో సీటు రాకపోతే రెండేళ్లు వృథాయేనా?

తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న అడగడమే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, స్విమ్స్ ఆధ్వర్యంలోని పద్మావతి మహిళా వైద్య కళాశాల, దేవస్థానం వారి ఆయుర్వేద కళాశాల నీట్ ద్వారా ప్రవేశం ఇచ్చేవి. వాటి పక్కనే 1961 నాటి వ్యవసాయ కళాశాల ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పాడి మీద ఇంతగా ఆధారపడ్డ చిత్తూరు ప్రాంతంలో పశువైద్యుడికి పని లేకపోవడమన్నది ఉండదు. బీఎస్సీ అగ్రికల్చర్‌కు ఈఏపీసెట్ (ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ర్యాంకు చూస్తారు, రైతు కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేక కోటా కూడా ఉంది. ఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటివి వీటికి అదనం.

కష్టం సంగతికి వస్తే, బైపీసీ తేలిక అనుకొని చేరేవారు భౌతికశాస్త్రం దగ్గర తట్టుకోలేకపోతారు. నీట్‌లో మొత్తం 180 ప్రశ్నలకు 720 మార్కులు. జీవశాస్త్రం 90, భౌతికం 45, రసాయనం 45 ప్రశ్నలు. జీవశాస్త్రంలో అందరూ బాగానే రాస్తారు కాబట్టి ర్యాంకులను విడదీసేది తరచుగా ఆ 45 భౌతికశాస్త్ర ప్రశ్నలే. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ తీసుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన మాట ఇది.

లెక్కలు, జీవశాస్త్రం రెండూ చదవాలని మా అమ్మాయి పట్టుబడుతోంది. కుదురుతుందా?

ఇప్పుడు కుదురుతుంది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు ఎంబైపీసీ పేరుతో రెండింటినీ కలిపి చదివే వీలు కల్పించింది. సీబీఎస్ఈలో ఇది ఎప్పటి నుంచో ఉంది. అయితే మీ కాలేజీలో ఆ రెండు తరగతులూ ఒకే సమయంలో పడకుండా కాలపట్టిక వేస్తున్నారా అన్నది చేరకముందే అడిగి తెలుసుకోవాలి, కాగితం మీద గ్రూపు ఉండి తరగతి గదిలో లేకపోతే లాభం లేదు.

రెండూ చదవడం వల్ల నిజంగా ప్రయోజనం పొందేవారు ఒక రకం ఉన్నారు. ఏర్పేడు దగ్గర 2015లో ఏర్పాటైన ఐసర్ వంటి విజ్ఞాన సంస్థలకు వెళ్లదలచినవారు. ఐసర్ ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలుంటే జీవశాస్త్రం, రసాయనం, గణితం, భౌతికం నాలుగింటికీ 15 చొప్పున సమానంగా ఉంటాయి. ఇంటర్‌లో ఆ నాలుగింటిలో మూడు చదివినా పరీక్షకు కూర్చోవచ్చు, కాని నాలుగో దాని 15 ప్రశ్నలను ఖాళీగా వదిలిపెట్టి మంచి ర్యాంకు తెచ్చుకోవడం కష్టం. నీట్, జేఈఈ (ఐఐటీ, ఎన్ఐటీల ప్రవేశ పరీక్ష) రెండింటినీ చేతిలో ఉంచుకుందామని మాత్రమే రెండూ తీసుకునేవారిని నేను ప్రోత్సహించను. అలా మొదలుపెట్టినవారు దేనికీ పూర్తిగా సిద్ధం కాలేకపోవడమే నేను ఎక్కువగా చూశాను.

ఎంఈసీ, సీఈసీల్లో ఏది మేలు? కామర్స్‌కు లెక్కలు దేనికి?

బీకాం చదివి ఉద్యోగంలో చేరడమే ఉద్దేశమైతే సీఈసీ చాలు. పేరున్న కేంద్రీయ విశ్వవిద్యాలయాల వైపు చూపు ఉంటే ఎంఈసీ మేలు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్స్‌కు సీయూఈటీలో (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) గణితం రాయక తప్పదు, బీకాం ఆనర్స్‌కు గణితం గానీ అకౌంటెన్సీ గానీ రాయాలి. సీఏ ఫౌండేషన్‌కు ఏ గ్రూపువారైనా అర్హులే. అయినా అందులోని నాలుగు పేపర్లలో ఒకటి గణితం, తర్కం, గణాంకాలు కలిసిన పేపరు. సీఈసీ నుంచి వచ్చి ఆ పేపరు దగ్గర రెండు మూడు సార్లు ఆగిపోయినవారు మన ఊళ్లో తక్కువేం కాదు.

ఎంఈసీ అన్ని కాలేజీల్లో ఉండదు. చిన్న పట్టణాల్లో విద్యార్థులు చాలక మూసేసిన చోట్లు ఉన్నాయి కాబట్టి చిత్తూరు, తిరుపతి దాకా వచ్చి వెదకవలసి రావచ్చు.

లా చదవడానికి ఏ గ్రూపు తీసుకోవాలి?

ఏదైనా సరే. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా కోర్సుకు రాష్ట్రంలో లాసెట్, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, దాదాపు అన్నీ ఆంగ్లంలో పొడుగాటి పేరాలు చదివి జవాబు చెప్పవలసినవే. గ్రూపు కంటే చదివే వేగం ముఖ్యం. రోజూ ఒక ఆంగ్ల పత్రిక సంపాదకీయం చదివే అలవాటును పదో తరగతి సెలవుల్లోనే మొదలుపెట్టించండి.

సివిల్స్ రాయాలంటే హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం) గ్రూపే తీసుకోవాలంటున్నారు. నిజమా?

కాదు. ఏ డిగ్రీ ఉన్నా సివిల్స్ రాయవచ్చు. చరిత్ర, పౌరశాస్త్రం మీద నిజమైన ఇష్టం ఉంటే హెచ్‌ఈసీ చక్కని గ్రూపు. అది తెలివి తక్కువవారి గ్రూపు అన్న మాట మన ఊళ్లలో ఇప్పటికీ వినబడుతుంది, దాన్ని పట్టించుకోనవసరం లేదు.

ఎన్డీఏకు (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) వెళ్లాలనుకుంటున్నాను. బైపీసీ చదవవచ్చా?

సైనిక విభాగానికి ఏ గ్రూపువారైనా అర్హులు. వైమానిక, నౌకాదళ విభాగాలకు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం ఉండాలి. ఏ విభాగం కోరుకున్నా రాత పరీక్షలో 300 మార్కుల గణితం పేపరు ఉంటుంది.

## భాష, మీడియం, బోర్డు, కాలేజీ

రెండో భాషగా తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటే మార్కులు బాగా వస్తాయా?

వస్తాయి, అందుకే అందరూ తీసుకుంటున్నారు. సంస్కృతం జవాబులు కొన్ని తెలుగు లిపిలో, ఆంగ్లంలో కూడా రాయనిస్తారు కాబట్టి తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది మార్కులు మామూలైపోయాయి. ఈ మార్కులు ఎక్కడ పనికొస్తాయో ఆలోచించాలి. ఈఏపీసెట్ వెయిటేజీలో భాషల మార్కులు లెక్కలోకి రావు, గ్రూపు సబ్జెక్టుల మార్కులే వస్తాయి. ఐఐటీ, ఎన్ఐటీల ప్రవేశానికి ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలన్న నియమంలో మాత్రం భాషకూ చోటుంది.

తెలుగు మాస్టార్లతో ఒకే స్టాఫ్ రూములో ఇన్నేళ్లు కూర్చున్నవాడిగా ఒక మాట. మార్కుల కోసం సంస్కృతం తీసుకొని రెండేళ్ల తర్వాత ఒక్క శ్లోకం అన్వయం చెప్పలేనివారు, మరోవైపు సొంత భాషలో ఒక దరఖాస్తు రాయలేనివారు మన కళ్లముందే తయారవుతున్నారు. సంస్కృతం మీద నిజంగా అభిమానం ఉన్న పిల్లలకైతే తిరుపతి కంటే మంచి ఊరు లేదు. 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఇంటర్‌తో సమానమైన ప్రాక్‌శాస్త్రి, ఆపైన శాస్త్రి కోర్సులు ఉన్నాయి.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియం తట్టుకోగలనా?

మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది, ఆ తర్వాత కుదుటపడుతుంది. కష్టం ఆంగ్ల వ్యాకరణంలో లేదు, పారిభాషిక పదాల్లో ఉంది. త్వరణం అన్న మాట తెలిసినవాడికి యాక్సిలరేషన్ కొత్త విషయం కాదు, కొత్త పేరు మాత్రమే. సబ్జెక్టుకు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకొని రోజుకు పది జంట పదాలు రాసుకుంటూ పోతే దసరా సెలవుల నాటికి భయం పోతుంది.

పరీక్షల విషయంలో తెలుసుకోవలసింది: ఈఏపీసెట్‌లో ప్రశ్నలు ఆంగ్లంతో పాటు తెలుగులోనూ ఇస్తారు, నీట్, జేఈఈ మెయిన్ రెండూ తెలుగుతో కలిపి 13 భాషల్లో జరుగుతాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఆంగ్లం, హిందీల్లోనే ఉంటుంది.

స్టేట్ బోర్డా, సీబీఎస్ఈనా?

ఒకప్పుడు ఈ రెండింటి మధ్య అంతరం పెద్దది. 2025-26లో మొదటి సంవత్సరం చేరినవారి నుంచి మన బోర్డు కూడా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలను అనుసరిస్తోంది. గణితంలో ఉండిన ఏ, బీ పేపర్లు ఒకే 100 మార్కుల పేపరయ్యాయి, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం కలిసి జీవశాస్త్రం అయింది. అన్నలు, అక్కలు చదివిన పాత పుస్తకాలు, పాత గైడ్లు ఇంట్లో ఉన్నాయని వాటి మీదే ఆధారపడకండి. నీట్, జేఈఈలకు ఎన్‌సీఈఆర్‌టీయే ఆధారం కనుక ఈ మార్పు మన పిల్లలకు మేలు చేసేదే.

సీబీఎస్ఈలో చేరేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పదకొండో తరగతిలో మ్యాథమెటిక్స్, అప్లైడ్ మ్యాథమెటిక్స్ అని రెండు వేరువేరు సబ్జెక్టులు ఉంటాయి. రెండోది వాణిజ్య, సామాజిక శాస్త్రాల విద్యార్థుల కోసం ఉద్దేశించింది. తేలికగా ఉందని దాన్ని తీసుకొని తర్వాత ఇంజనీరింగ్ వైపు చూస్తే అర్హత దగ్గరే ఆగిపోతారు.

పిల్లవాణ్ణి విజయవాడ, హైదరాబాదు హాస్టళ్లకు పంపితే సీటు అవకాశాలు పెరుగుతాయా?

చదువు వాతావరణం మారుతుంది, సీటు పూచీ కాదు. ఇక్కడ చాలామందికి తట్టని విషయం స్థానికత. రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం ఆ విశ్వవిద్యాలయ పరిధిలోని స్థానికులకు కేటాయిస్తారు. పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకే పరిధిలో చదివితే అక్కడ స్థానికులు. అలా కానప్పుడు ఏడేళ్లు, అంటే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. పది దాకా ఇక్కడ చదివి ఇంటర్ రెండేళ్లు మాత్రం బయట చదివితే స్థానికత పోదు. ఏడో తరగతి నుంచే వేలూరుకో, చెన్నైకో, బెంగళూరుకో పంపినవారు మాత్రం ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇక వాతావరణం సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రాత్రి పదింటి దాకా సాగే స్టడీ అవర్లు కొందరికి పనికొస్తాయి, కొందరిని ఆరు నెలల్లో నలిపేస్తాయి. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు ఎలా తింటున్నాడో, ఎలా నిద్రపోతున్నాడో, పాత స్నేహితులతో మాట్లాడుతున్నాడో లేదో చూడండి. ర్యాంకు కాగితం కంటే అది ముందుగా చెబుతుంది.

## చేరిన తర్వాత

చేరి మూడు నెలలైంది. ఎంపీసీలో ఫిజిక్స్ ఒక్క ముక్క అర్థం కావడం లేదు. గ్రూపు మార్చుకోవాలా?

తొందరపడకండి. సెప్టెంబరులో ఈ మాట అనేవారిలో సగానికి పైగా పిల్లలకు అసలు ఇబ్బంది భౌతికశాస్త్రంలో ఉండదు, గణితంలో ఉంటుంది. గమనానికి సంబంధించిన పాఠాల్లో అవకలనాలు, సదిశలు వాడుతూ పోతారు, గణితం తరగతిలో మాత్రం అవి ఇంకా మొదలు కావు. అందుకే చెప్పేది గాలిలో తేలిపోతుంది. నేను మొదటి వారంలోనే సదిశలు, అవకలనం ఎలా వాడాలో పది గంటల్లో చెప్పి ఆ తర్వాతే సిలబస్ మొదలుపెట్టేవాడిని. ఆ పది గంటలు మీ కాలేజీలో దొరకకపోతే సీనియర్ ఇంటర్ చదివే వాళ్లెవరి దగ్గరైనా కూర్చుని నేర్చుకోండి.

ఇంకో నాలుగు వారాలు పట్టుదలగా ప్రయత్నించాక కూడా పుస్తకం తెరవాలంటేనే కడుపులో తిప్పుతోందంటే అప్పుడు మార్పు గురించి మాట్లాడవచ్చు. మొదటి సంవత్సరం ఆరంభంలోనే ప్రిన్సిపాల్ అనుమతితో మారితే నష్టం తక్కువ. రెండో సంవత్సరంలో మారాలంటే కొత్త గ్రూపు మొదటి సంవత్సరం సబ్జెక్టులు మళ్లీ చదవక తప్పదు. ఒక ఏడు పోతుందని కుమిలిపోయే తల్లిదండ్రులకు నేను చెప్పేది, ఇష్టంలేని ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగులతో పోయే ఏళ్ల కంటే అది చిన్న నష్టమే అని.

జూనియర్ ఇంటర్‌లో మార్కులు తగ్గాయి. సరిదిద్దుకోవచ్చా?

ఉత్తీర్ణులైనవారు కూడా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ సమయంలో మొదటి సంవత్సరం పేపర్లను ఇంప్రూవ్‌మెంట్ కింద మళ్లీ రాయవచ్చు. అన్నీ రాయాలని కూర్చోక, గ్రూపు సబ్జెక్టుల్లో బాగా తగ్గిన ఒకటి రెండు పేపర్లకే పరిమితం కావడం మంచిది.

బైపీసీ చదువుతుండగా ఇంజనీరింగ్ మీదికి మనసు పోయింది. ఇప్పుడేం చేయాలి?

బయోటెక్నాలజీ వంటి కొద్ది బీటెక్ కోర్సులు తప్ప, మిగతా ఇంజనీరింగ్‌కు ఇంటర్ గణితం కావలసిందే. గణితాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి అర్హత తెచ్చుకోవచ్చు. కాని రెండేళ్ల గణితాన్ని అయిదారు నెలల్లో చదివి ఈఏపీసెట్‌లో 80 గణితం ప్రశ్నలను ఎదుర్కోవడం ఎంత బరువో ముందే తూచుకోవాలి. ఎంపీసీ నుంచి వైద్యం వైపు తిరిగేవారికి ఇది కొంత నయం. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ పన్నెండో తరగతి తర్వాత జీవశాస్త్రాన్ని అదనంగా చదివి ఉత్తీర్ణులైనవారిని కూడా నీట్‌కు అనుమతించింది.

## ప్రవేశ పరీక్షల దశలో

ర్యాంకే ముఖ్యమైనప్పుడు ఇంటర్ మార్కులతో పనేముంది?

పని ఉంది. ఈఏపీసెట్ తుది ర్యాంకులో పరీక్ష మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం విలువ ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక విద్యార్థికి పరీక్షలో 160కి 100, ఇంటర్ గ్రూపులో 600కు 570 వచ్చాయనుకోండి. అతని మొత్తం 46.88కి 23.75 కలిపి 70.63 అవుతుంది. మరొకరికి పరీక్షలో 104, ఇంటర్‌లో 480 వస్తే 48.75కి 20 కలిపి 68.75 మాత్రమే. పరీక్షలో నాలుగు మార్కులు వెనకబడినవాడే ముందున్నాడు. నార్మలైజేషన్ (వేర్వేరు రోజుల పరీక్షల మార్కులను సమం చేసే లెక్క) వల్ల అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, కథ మాత్రం ఇదే.

ఎన్ని ప్రవేశ పరీక్షలు రాయాలి?

ఎంపీసీ వారికి జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ రెండూ చాలు. మెయిన్ ఏడాదికి రెండుసార్లు, జనవరి, ఏప్రిల్ నెలల్లో జరుగుతుంది. గణితం, భౌతికం, రసాయనం మూడింటికీ 25 చొప్పున ప్రశ్నలు, 300 మార్కులు. అందులో పైన నిలిచిన సుమారు రెండున్నర లక్షల మందికి అడ్వాన్స్‌డ్ రాసే వీలుంటుంది, దాని ద్వారానే ఏర్పేడులోని ఐఐటీ తిరుపతి సహా అన్ని ఐఐటీల సీట్లు. శాస్త్ర పరిశోధన ఇష్టమైతే ఐసర్ పరీక్ష కలుపుకోండి. బైపీసీ వారికి నీట్, ఈఏపీసెట్.

ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్నా వదలకూడదు. జేఈఈలో, నీట్‌లో ఒక తప్పుకు ఒక మార్కు పోతుంది కాబట్టి తెలియనిది వదిలేయడమూ ఒక విద్యే. ఒకే నెలలో ఈ రెండు రకాల పరీక్షలకూ సిద్ధమయ్యే పిల్లలు ఈ తేడాను మరిచిపోయి నష్టపోతుంటారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల పరీక్షలు అరడజను కట్టేసి ఫీజులు పోగొట్టుకోవడం అనవసరం.

మొదటిసారి సీటు రాలేదు. లాంగ్ టర్మ్‌కు (మరో ఏడాది కోచింగ్‌కు) పంపాలా?

నీట్‌కైతే ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను మాత్రం వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయగలరు. నిర్ణయం తీసుకునే ముందు పిల్లవాడి జవాబు పత్రం ముందు పెట్టుకొని చూడండి. తెలిసిన పాఠాల్లోనే తొందరపాటుతో మార్కులు పోయినట్టయితే ఒక ఏడాది సాధనతో అవి తిరిగి వస్తాయి. సగం పాఠాలు అసలు తాకనే లేదంటే ఆ ఏడాదిలో రెండేళ్ల చదువు పట్టాలి, అది అందరికీ సాధ్యం కాదు. మళ్లీ వెళ్తానని పిల్లవాడే అడగాలి. తండ్రి పంపితే వెళ్లేవాళ్లు లాంగ్ టర్మ్ హాస్టల్లో ఉంటారు గాని చదవరు.

కౌన్సెలింగ్‌కు ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, టీసీ, కులం, ఆదాయం ధ్రువపత్రాలు. బడులు మారిన పిల్లలకు పాత బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తేవడమే అన్నిటికంటే ఆలస్యమయ్యే పని. వేసవిలో ఆ ఆఫీసుల్లో గుమాస్తా దొరకడు కాబట్టి సంక్రాంతి సెలవులు ముగిసిన వారంలోనే వెళ్లి తెచ్చిపెట్టుకోండి, ఒక్కొక్కటి మూడేసి జిరాక్సు కాపీలు తీయించండి.